గాలి చాలన్నోడు

"అన్నా, నాకు నీళ్ల కూలింగే కావాలె."

జనగామ స్టేషన్ రోడ్డులోని ఆ చిన్న కంప్యూటర్ షాపులోకి గొడుగు దులుపుకుంటూ వచ్చిన అమ్మాయి మొట్టమొదట అన్న మాట అది. గొడుగు నీళ్లన్నీ కౌంటర్ మీదున్న కొత్త కీబోర్డు మీద పడ్డాయి.

కరుణాకర్ కీబోర్డును చొక్కాతో తుడుస్తూ, "నీళ్లు మీరే తెచ్చినట్టున్నరు గదా. ఇగ కూలింగ్ ఒక్కటే తక్కువ" అన్నాడు.

అమ్మాయి నవ్వలేదు. పేరు మనోరమ అనీ, మహబూబాబాద్ నుంచి ఇందుకోసమే రైల్లో వచ్చాననీ చెప్పింది. కట్టబోయే ఇండ్లు కట్టినాక ఎట్లా ఉంటాయో కంప్యూటర్‌లో బొమ్మ చేసి చూపించడం ఆమె పని. ఒక్కో బొమ్మకు మిషన్ గంటల కొద్దీ ఆగకుండా నడవాలి.

"ఇప్పుడున్నది సగం పనిల వేడెక్కి బంద్ అయితది. మా అమ్మ పెరుగు తోడేసి దాని పక్కనే పెడ్తది, జల్ది గడ్డ కడ్తదని."

ఈసారి నవ్వింది కరుణాకర్. ఆమె ముఖం చూసి వెంటనే ఆపేశాడు.

"నవ్వకున్రి. మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే ఫస్ట్. ఇంట్ల కూసోని చేసే ఉద్యోగమేందని మా నాయిన రోజూ అడుగుతడు. మిషన్ ఇంకొక్కసారి పని మధ్యల ఆగిందంటే నన్ను హైదరాబాద్ హాస్టల్‌కు తోలుతడు. నాకు ఊరిడిచి పోవుడు ఇష్టం లేదు. గిప్పుడు పెట్టేది ఐదేండ్లన్న నడవాలె."

కరుణాకర్ కుర్చీ లాగి ఆమె ముందు వేశాడు. వాళ్లింట్లో కూడా మొదటి డిగ్రీ అతనిదే. ఆ భయం ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అయితే గాలి చాలు" అన్నాడు. "లిక్విడ్‌ల పంపుంటది, పైపులుంటయి. మంచిగనే చల్లగుంచుతది, కాదన. కానీ ఆ పంపు ఎప్పుడో ఒకనాడు ఆగిపోతది. ఎయిర్ అంటే రేకుల దిమ్మ, దానికో ఫ్యాన్. ఫ్యాన్ పోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. చెడిపోనీకి అండ్ల ఏముంది?"

"మీకు లిక్విడ్ బిగించుడు రాదేమో. అందుకే గిట్లంటున్నరు."

వెనక గదిలో స్క్రూలు ఏరుతున్న మాజిద్ గట్టిగా దగ్గాడు. ఈ షాపులో అతను సగం భాగస్వామి, కరుణాకర్ విషయాల్లో పూర్తి భాగస్వామి.

"నాకు రాకపోవుడేంది? షాపు ముంగట నీలం లైట్లతోని మెరిసే మిషన్‌ల నేను బిగించింది గదే! చూసుకోన్రి!"

ఆమె వెళ్లి చూసింది. ఆ నీలం వెలుగు ఆమె చెంప మీద పడింది. బయట వాన పెరిగింది. ఏం వాదిస్తున్నాడో కరుణాకర్ మర్చిపోయాడు.

చివరికి ఆమే తేల్చింది. "నాకైతే సమజ్ అయితలేదు. మీ ఇంట్ల మనిషికైతే ఏది పెడ్తరో గదే పెట్టున్రి. మీ మీద నమ్మకం పెడ్తున్న, అన్నా."

ఆమె అటు వెళ్లగానే మాజిద్ ఇటు వచ్చాడు.

"అరే, లిక్విడ్ పెట్టురా. మూణ్ణెల్లకోసారి పంపు చూడాలె అని చెప్పి పోవచ్చు. ఎయిర్ పెట్టినవనుకో, అది చెడిపోదు, నువ్వు పోవు. ఖేల్ ఖతం."

"అన్నా అన్నదిరా."

"రైల్వే టీసీని గూడ అన్నా అనే అంటరు. దానికేముంది?"

కరుణాకర్ రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. అతని తండ్రి భూపాలపల్లి గనిలో బొగ్గు మోసే డంపర్లు రిపేరు చేస్తాడు. మంచిగా బిగించిన బండి మళ్లీ మన దగ్గరికి రావద్దు అంటుంటాడు. ఆ మాట మీద ఇంత కోపం కరుణాకర్‌కు ఎన్నడూ రాలేదు. ఎయిర్ డబ్బానే విప్పాడు.

*

బిగించడానికి మహబూబాబాద్ వెళ్లాడు. వాళ్లిల్లు మిర్చి మార్కెట్ వెనకే. గాలి బాగా తగలాలని సీపీయూను కిటికీ కింద పెట్టాడు. మనోరమ ఇచ్చిన చాయ్‌ని, అదే చివరి చాయ్ అన్నంత మెల్లగా తాగి, రైలెక్కాడు.

నాలుగు నెలలు ఫోన్ రాలేదు. మిషన్ అంత బాగుందన్నమాట. తన పనితనాన్ని తానే తిట్టుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఫోన్ మోగింది.

"అన్నా, మీ గాలి నన్ను ముంచింది! పొద్దటి సంది రెండుసార్లు ఆగింది. సోమారం ఇయ్యాల్సిన పని. నాయిన బ్యాగు కూడ కిందికి దించిండు!"

దొరికిన రైలెక్కాడు. సీపీయూ పలక విప్పగానే అతనికి ముందు తుమ్ము వచ్చింది, తర్వాత సంగతి అర్థమైంది. లోపల ఫ్యాను, రేకులు, గాలి పీల్చే జాలీ అంతా ఎర్రగా ఉంది. మార్కెట్‌కు మిర్చి రావడం మొదలై నెల దాటింది. యార్డులో బస్తాలు విప్పినప్పుడల్లా లేచిన కారమంతా కిటికీలోంచి నేరుగా ఇందులోకే వచ్చింది.

మనోరమ తుమ్మింది. ఆమె తల్లి పుష్పమ్మ తుమ్మింది. బ్యాగు పట్టుకుని నిలబడ్డ తండ్రి సోమయ్య నాలుగుసార్లు తుమ్మాడు.

"తప్పు నాదే, బాపూ" అన్నాడు కరుణాకర్. "మాది భూపాలపల్లి. దుమ్మంటే బొగ్గు దుమ్మే యాదికుంటది. మిర్చి మార్కెట్ పక్కన కిటికీ కింద పెట్టిన. మిషన్ తప్పు లేదు, మీ బిడ్డ తప్పు అసలే లేదు. ఆ బ్యాగు పైన పెట్టున్రి."

"అయితే నీళ్లదైతే ఆగకపోవునా?" మనోరమ అడిగింది.

"అదీ ఆగును. ఆ నీళ్లను చల్లార్చనీకి గూడ రేకులు, ఫ్యాన్లే. వాటికీ గిదే కారం."

బ్రష్షుతో ఒక్కో రేకు దులిపాడు. సీపీయూను లోపలి గోడ పక్కకు మార్చాడు. పుష్పమ్మ పాత నైలాన్ చున్నీ ఒకటి తెచ్చిస్తే, కత్తిరించి జాలీకి అడ్డం కట్టాడు. ఆపైన మనోరమను పక్కన కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. "గిది వారానికోసారి ఉతుకున్రి. గీ రెండు స్క్రూలు ఇప్పితే ఫ్యాన్ వస్తది. గిట్ల దులుపున్రి. ఇగ ఎవల్నీ పిలిచే పనుండది."

చివరి మాట అంటూ, బిగించిన స్క్రూనే మళ్లీ విప్పి మళ్లీ బిగించాడు.

సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మోగింది. చేతులు రెండూ కారం. మనోరమ ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది.

"ఏమైందిరా?" మాజిద్ గొంతు ఇల్లంతా వినిపించింది. "ఆ పిల్లకు రిపేరు నేర్పిస్తలేవు కదా? నీకు దండం పెడ్త, నేర్పియ్యకు! ఆనాడే లిక్విడ్ పెట్టుమంటే వినకపోతివి. మూణ్ణెల్లకోసారి ఆ పిల్లను చూస్తుంటివి! నాలుగు నెల్ల సంది నీ పరేషాన్ నేను చూడలేకపోతున్న!"

ఫోన్ లాక్కోబోయి, కారం చేతులని గుర్తొచ్చి ఆగి, సిగ్గుతో కండ్లు మూసుకుని, ఆ చేతులతోనే కండ్లు నలుపుకున్నాడు.

ఇక ఆ తర్వాత అతను పెట్టిన కేక మార్కెట్‌లో హమాలీలకు కూడా వినిపించి ఉంటుంది.

మనోరమ చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పెరట్లో అతని తల వంచి కండ్ల మీద నీళ్లు పోసింది. "ఆగున్రి, కదలకున్రి. మీకు గాలి చాలదు. మీకు నీళ్ల కూలింగే కావాలె."

"మాజిద్ మాటలు..."

"అబద్ధమా?"

కరుణాకర్ నీళ్లు కారుతున్న ముఖం పైకెత్తాడు. "కాదు. కానీ నిన్ను చూడనీకి నీ మిషన్ చెడగొట్టుడు నాకు చేతకాలే."

ఆమె చెంబు కింద పెట్టింది. పోయడానికి ఇంకా నీళ్లున్నాయి గానీ పోయలేదు. కొంగు అంచు అందించి, "ఇంట్ల మనిషికి పెట్టినట్టే పెట్టినవ్" అంది, మెల్లగా.

గుమ్మం దగ్గర సోమయ్య గొంతు సవరించుకున్నాడు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"మీది భూపాలపల్లి అంటివి గదా? మీ బాపు ఆడనే ఉంటడా?"

"అవును... డంపర్ల మెకానిక్."

"ఒకసారి తోల్కరా. బండ్ల గురించి మాట్లాడుకుంటం." ఒక తుమ్ము తుమ్మి చేర్చాడు, "పిల్లల గురించి గూడ."

సోమవారం మధ్యాహ్నం జనగామ షాపులో కరుణాకర్ ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. ఉతికి ఆరేసిన చున్నీ ముక్క. కింద రాసి ఉంది:

"పని పంపిన. మిషన్ చల్లగున్నది. దులుపుడు గూడ నాకొచ్చింది. ఏం చెడిపోలే, కరుణాకర్. అయినా ఆదివారం రా."

కరుణాకర్ రెండుసార్లు చదివాడు. భుజం మీద నుంచి మాజిద్ మూడోసారి చదివాడు.

"అన్నా అని లేదురోయ్!"