ఫొటో మీద కప్పిన గుడ్డ

పొద్దున్నే కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతున్న కోడలు అత్తగారి కేక విని చేతులైనా తుడుచుకోకుండా పరుగెత్తింది. కేక బావగారి గదిలోంచి వచ్చింది.

"నా కొడుకు మొహం మీద గుడ్డ కప్పిందే! ఎంత ధైర్యమే దీనికి!"

గోడమీది బావగారి ఫొటోకి నీలం స్కార్ఫ్ వేలాడుతోంది. కింద చాప మీద అతిథి పిల్ల మోకాళ్ళ మీదే బిగుసుకుపోయింది.

ఆయన పదిహేనేళ్ళ కిందట బజారులో పేలిన బాంబుకి బలైపోయాడు. పెట్టినవాళ్ళు ముస్లింలని తెలిసిన రోజునుంచి ఆ మతం పేరెత్తితే చాలు, ముసలావిడ అగ్గిమీద గుగ్గిలమే. అలాంటి ఇంట్లో ముస్లిం పిల్ల దిగిందంటే అదంతా ఈ కోడలి కూతురు, ఆవిడ మనవరాలి పుణ్యం. కాలేజీవాళ్ళు విద్యార్థులను మార్చుకునే పద్ధతిలో మనవరాలు దేశం దాటి ఆ పిల్ల ఇంట్లో ఉండి చదువుకొచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల వంతు. ఇంట్లో ఖాళీగా ఉన్నది ఈ గదొక్కటే. ముసలావిడ అన్నం మానేసి కూర్చున్నా ఎవరూ వినలేదు.

"క్షమించండి నాయనమ్మా," అంది ఆ పిల్ల, మనవరాలు నేర్పిన వచ్చీరాని తెలుగులో. "నమాజుకి ఎదురుగా బొమ్మ ఉండకూడదు. అది నా కొత్త స్కార్ఫ్. అవ్వగానే తీసేద్దామనుకున్నా."

"చంపేదీ మీరే, గుడ్డ కప్పేదీ మీరే! సర్దుకో నీ పెట్టె!"

"నాయనమ్మా, చాలించు!" మనవరాలు అడ్డం వచ్చింది. "వాళ్ళు నమాజు చేసుకునే గదే నాకిచ్చారు. నేనేమో తెలీక గోడకి దేవుడి పటం తగిలించా. అప్పట్నుంచి వాళ్ళమ్మ చలికి వణుకుతూ వరండాలో చేసుకునేది. ఎందుకని అడిగితే ఇక్కడ గాలి బాగుందనేది. నన్ను పల్లెత్తు మాటనలేదు, తెలుసా?"

"ఆవిడ కొడుకునెవరూ చంపలేదుగా!"

ఆ పిల్ల లేచి, స్కార్ఫ్ తీసి మడతపెట్టుకుంది. పెట్టె ముందుకు లాక్కుంది.

ముసలావిడ ఫొటోకేసి చూస్తూ గోడకి జారగిలబడింది. "మొహం చూడనివ్వలేదే నన్ను. మూట కట్టి తెచ్చారు. గుడ్డ తీస్తానంటే చేతులు పట్టుకున్నారు. కన్నతల్లిని..."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ఆ పిల్ల పెట్టె వదిలేసి ఆవిడ పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"నీకెన్నేళ్ళే?" అంది ముసలావిడ ఆ పిల్లకేసి తిరిగి.

"పంతొమ్మిది."

"అయితే వాడు పోయేనాటికి నీకు పాలపళ్ళు కూడా ఊడి ఉండవు." ఆవిడ కొంగుతో ఆ పిల్ల కళ్ళు తుడిచింది. "నీమీదా నా ఏడుపు!"

కోపం పోయిందా అంటే, పోలేదు. చంపినవాళ్ళ మీద అది అలాగే ఉంది. ఈ పిల్లని మాత్రం ఆ లెక్కలోకి తేలేకపోయింది. లేచి తనే ఫొటో దించింది.

"సగంలో ఆపించాగా. కానిచ్చుకో."

తలుపు దగ్గరగా వేసి, కొడుకుని ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుంది. నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినబడే మనిషి, లోపల ఆ పిల్ల నమాజు చెడకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.