నలభై ఎనిమిది సైకిళ్ల దొంగతనం

ఫోన్లో విన్నది విన్నట్టు "మైకు పోయింది" అని రాసుకున్నాడు కానిస్టేబుల్. యూనియన్ మీటింగు మైకు అనుకున్నారు. అందుకే జీపు పది నిమిషాల్లో వచ్చింది. పోయింది బడిలో మైక్రోస్కోపని తెలిస్తే పది రోజులు పట్టేది.

1982 జూన్. కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఓడల డాకు కూలీల పిల్లలు చదివే తెలుగు బడి. ఇన్‌స్పెక్టర్ మృత్యుంజయ సైన్సు ల్యాబులో అడుగుపెట్టేసరికి అతని వాచీలో సరిగ్గా ఐదు.

మూలన ప్యూను కూర్మయ్య. పెదవి చిట్లి ఉంది.

"ఎవరు కొట్టారు?"

"నేనే," అన్నాడు హెడ్మాస్టర్ రఘురాం. "దొంగని ముద్దు పెట్టుకోవాలా?"

"దొంగని ఎవరు తేల్చారు?"

"టైము తేల్చింది. నాలుగింటికి మైక్రోస్కోపు ఈ బల్ల మీదే ఉంది. అదిగో, ఆ గోడ గడియారంలో చూశాను. నాలుగుంపావుకి వస్తే లేదు. మధ్యలో నాలుగూ పదికి వీడు సంచీతో గేటు దాటాడు. గేటు పుస్తకంలో ఉంది. ఇంటికి మనిషిని పంపి పట్టించాను. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. మీరు లాకప్పులో వెయ్యండి."

ల్యాబ్ అసిస్టెంట్ జానకిరామ్ అందుకున్నాడు. "నాలుగూ ఐదుకి చీపురు పట్టుకుని లోపలికెళ్లాడండి. నేనూ ఈ గడియారమే చూశాను."

"ఇది కరెంటు గడియారం కదా. లోడ్‌షెడ్డింగులో ఆగిపోదూ?"

"ఇవాళ ఒక్క నిమిషం కూడా కరెంటు పోలేదు సార్. పొద్దున్న పదింటికి రేడియో విని నేనే సరిచేశాను," అన్నాడు జానకిరామ్.

మృత్యుంజయ తలెత్తాడు. ఫ్యాను తిరుగుతోంది. రెక్కలు లెక్కపెట్టొచ్చు. చొక్కా తడిసి ముద్దయింది. ఇది మనిషికి ఫ్యాను కాదు, పగవాడు.

గోడ గడియారంలో నాలుగూ నలభై మూడు.

"మీ వాచీ ఫాస్టు," అన్నాడు రఘురాం.

మృత్యుంజయ గేటు దగ్గరి వాచ్‌మన్ గవరయ్యని పిలిపించాడు.

"నీ వాచీలో ఎంత?"

"ఐదూ రెండు బాబూ. కీ ఇచ్చీ వాచీ. రోజూ డాకు సైరనుకి కలుపుతాను. గేటు పుస్తకంలో రాసీది దీన్ని చూసే."

మృత్యుంజయ ఆఫీసు గదిలోకి వెళ్లి కరెంటు సబ్‌స్టేషనుకి ఫోన్ చేశాడు. తిరిగొచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది. గుమ్మంలో టీచర్లు గుమిగూడారు.

"మాస్టారూ, మీరేం చదివారు?"

"ఎమ్మెస్సీ. ఫిజిక్సు."

"చాక్‌పీసు పట్టుకోండి. ఈ గడియారం ఎలా నడుస్తుంది?"

"కరెంటు సెకనుకి యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది. యాభై సైకిల్స్, అంటే యాభై హెర్ట్జ్. లోపలి మోటారు ఆ ఊపుని బట్టే..." రఘురాం ఆగిపోయాడు.

"ఆగకండి. ఇవాళ పవర్ చాలక పొద్దుట్నుంచీ నలభై ఎనిమిదేనట. కరెంటు పోలేదు, కానీ నీరసపడింది. రాయండి."

చాక్‌పీసు కీచుమంది. యాభైకి రెండు తక్కువ. గంటకి రెండు నిమిషాల పైచిలుకు వెనక. గడియారం ఆరు గంటలు నడిచేసరికి బయట ఆరుంపావు గంటలు గడిచాయి.

"ఇందులో నాలుగైతే అసలు టైమెంత?"

"నాలుగుంపావు."

"కూర్మంలా నడిచింది గడియారం. తన్నులు కూర్మయ్యకి. తగ్గింది రెండు హెర్ట్జ్, హర్ట్ అయింది ఇతను. మీరు మైక్రోస్కోపు చూసేటప్పటికి ఇతను గేటు దాటి ఐదు నిమిషాలైంది."

మృత్యుంజయ ల్యాబ్ అసిస్టెంట్ వైపు తిరిగాడు.

"జానకిరామ్, ఇందులో నాలుగూ ఐదంటే అసలు టైము నాలుగూ ఇరవై. అప్పుడు చీపురుతో వచ్చిందెవరు, కూర్మయ్య దెయ్యమా? గేటు పుస్తకం చూసి అబద్ధం అల్లావు. దానికి టైము మాత్రం గోడ మీంచి తెచ్చావు. రెండూ కలవవని నీకు తెలీదు. ల్యాబు బీరువా తాళం ఇలా ఇవ్వు."

యాసిడ్ సీసాల వెనక, గోనెపట్టాలో, మైక్రోస్కోపు.

"బోర్డు మీది లెక్క అందరికీ ఇంకోసారి చెప్పండి మాస్టారూ," అన్నాడు మృత్యుంజయ. "కూర్మయ్య వైపు తిరిగి."

రఘురాం చెప్పాడు. యాభై, నలభై ఎనిమిది, పావుగంట. గొంతు గుమ్మం దాకా కూడా రాలేదు. మృత్యుంజయ ఇంకోసారి చెప్పించాడు.

కూర్మయ్య పెదవి తుడుచుకున్నాడు.

"ఆ సైకిళ్లేటో నాకు తెలీదు బాబూ. నాను ఎలిపోయినప్పుడు అది బల్ల మీదే ఉన్నాది. దెబ్బ తినకముందే సెప్పినాను. ఎవులిన్నారు?"