ప్రాంప్టర్ లేని మూల

ఇరవై రెండేళ్లు నేను హెస్టర్ లోమాక్స్‌కి వేషం దుస్తులు తొడిగాను. హుక్కులు పెట్టడం, విగ్గు సరిచేయడం, అంకానికీ అంకానికీ మధ్య వేడి టీ అందించడం, ఆవిడ ఎవరినో తిడుతుంటే ఓపిగ్గా వినడం. ఇదీ నా ఉద్యోగం.

హెస్టర్ గ్రిమ్స్‌బీ రేవులో చేపలు అమ్ముకునే వాళ్లింట్లో పుట్టింది. పదహారో ఏట ఊళ్లు తిరిగే నాటకాల కంపెనీతో వెళ్లిపోయింది. ఆ తిరుగుళ్లలో పుట్టిన బిడ్డ రెండేళ్లకే పోయింది, ఆ మాట నాతో ఒక్కసారే అంది. ముప్ఫై ఏళ్లు వచ్చేసరికి సినిమా పోస్టర్ల మీద ఆవిడ ముఖం బస్సంత ఉండేది. నలభై రెండో ఏట ఒక నిర్మాత భోజనానికి పిలిచి, "ఇక నీకు తల్లి వేషాలు కూడా కష్టమే హెస్టర్, కెమెరా అబద్ధం ఆడదు" అన్నాడట. "అయితే అది నీకంటే నయం" అని లేచి వచ్చేసింది. ఆ తర్వాత కెమెరా ముందుకి వెళ్లలేదు. స్టేజీనే నమ్ముకుంది.

1974 జనవరిలో మేం యార్క్‌షైర్ తీరాన థోర్న్‌సీ అనే ఊళ్లో ఉన్నాం. ఆవిడకి అరవై ఎనిమిది. ముందు నెలలో, వేరే ఊళ్లో, రెండుసార్లు మాట మర్చిపోయి ఆగింది. కంపెనీ మేనేజర్ డెస్మండ్ ప్రైస్ మేకప్ గది గుమ్మంలో నిలబడి నవ్వుతూనే చెప్పాడు.

"ఇంకొక్కసారి ఆగితే, సోమవారం నుంచి మీ వేషం మన కంపెనీ కుర్రపిల్ల రోవెనా వేస్తుంది మిస్ లోమాక్స్. మీ మంచికే."

"నా మంచి నీ చేతిలో ఎప్పుడు పెట్టాను డెస్మండ్?" అంది ఆవిడ అద్దంలోకి చూస్తూ. అతను వెళ్లాక మాత్రం నాటకం ప్రతి తీసి, మూడో అంకం మొదటినుంచీ చదవడం మొదలెట్టింది.

ఆ థియేటర్లో స్టేజీకి ఎడమవైపు వింగ్‌లో, అంటే పక్కతెర చాటున, ప్రాంప్టర్ కూర్చునే మూల ఒకటి ఉండేది. అక్కడ ఎవరూ కూర్చోరు. మాట అందించాల్సిన రాయ్ కుడివైపున కూర్చునేవాడు. ఎందుకో వెనక గుమ్మం కాపలాదారు విల్ఫ్ చెప్పాడు.

"యాభై ఏళ్ల నాటి సంగతి మేడమ్. అడలైన్ ఫ్రోస్ట్ అనే ఆవిడ మాట మర్చిపోయింది. జనం నవ్వారు. ఆవిడ ఆ మూలలోకి నడుచుకుంటూ పోయి, స్టేజీ కిందికి దిగే మెట్ల మీద పడి చనిపోయింది. అప్పట్నుంచి కాస్త వయసు మళ్లిన ఆడవాళ్లకి అటునుంచి గొంతు వినిపిస్తుంది. విని అటు నడిచిన ఇంకొకావిడ కూడా ఆ మెట్ల మీదే పోయింది."

"మగవాళ్లకి?"

"వినిపించదు మేడమ్."

"వాళ్లు ఆడదాని మాట ఎప్పుడు విన్నారు గనక" అంది హెస్టర్. విల్ఫ్ తల గోక్కున్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఆట. గని కార్మికులు అదనపు గంటలు పనిచెయ్యమని మొండికేసిన రోజులు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. నాలుగు గంటలకే బయట చీకటి పడింది. సముద్రం మీంచి మంచు దిగి కిటికీలని మూసేసింది. నేను శాలువా పట్టుకుని ఎడమ వింగ్‌లో నిలబడ్డాను. తడిసిన ఉన్ని కోట్ల వాసన, రంగుల వాసన, పాత చెక్క వాసన. రోజూ ఉండేవే.

మూడో అంకం. కొడుకుని సముద్రంలో పోగొట్టుకున్న తల్లి, ఓడ యజమాని ఇంట్లో ఒంటరిగా నిలబడి, అతని ఖాళీ కుర్చీతో మాట్లాడే ఘట్టం. నల్ల పట్టు గౌనులో హెస్టర్ నాలుగు వాక్యాలు చెప్పింది.

కరెంటు పోయింది.

కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. హాల్లో జనం కదిలారు. అటువైపునుంచి రాయ్ గొంతు సన్నగా వచ్చింది. "తెర దించెయ్యనా?" హెస్టర్ తన మాటలు తను చెప్పుకుంటూ పోయింది. జనం సర్దుకున్నారు.

అప్పుడు నా పక్కన ఒక వాసన వచ్చింది. తేమపట్టిన పౌడర్ వాసన. ఎన్నో ఏళ్లు మూసిపెట్టిన డబ్బా తెరిచినట్టు... ఆ వెంటనే ఒక గుసగుస.

అది హెస్టర్ చెప్పబోయే వాక్యం. ఆవిడకంటే ఒక్క క్షణం ముందు. మెత్తగా, ప్రేమగా. హెస్టర్ అదే వాక్యం చెప్పింది. మళ్లీ గుసగుస, మళ్లీ హెస్టర్. నాలుగోసారికి నాకు అర్థమైంది. ఆవిడ గుర్తుచేసుకోవడం మానేసింది. విని చెబుతోంది.

అప్పుడు గుసగుస ఆగిపోయింది.

హెస్టర్ కూడా ఆగింది.

పైన బాల్కనీలో ఎవరో చిన్నగా నవ్వారు.

"ఇక తల్లి వేషాలు కూడా కష్టమే హెస్టర్" అంది చీకటి. "చాలు... ఇటు రా."

చెక్క పలక కిర్రుమంది. ఆవిడ అడుగు. నావైపే వస్తోంది. ఇంకో అడుగు. నా వెనకే ఆ మెట్లు, వాటికి తలుపు లేదు. టార్చి నొక్కాను. వెలగలేదు. మెట్లకి అడ్డంగా నిలబడ్డాను. ఇంకో అడుగు... ఆవిడ ఊపిరి నాకు వినిపించేంత దగ్గరికి వచ్చింది.

ఆగింది.

"మాట మర్చిపోయాను" అంది హెస్టర్. నాతో కాదు. జనంతో, వెనక వరుసదాకా వినిపించేలా. "పూర్తిగా మర్చిపోయాను. నవ్వుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, కాసేపట్లో ఏడవాల్సింది ఉంది. నాకు రెండు నిమిషాలు కావాలి. నేనిక్కణ్ణించి కదలను."

ఎవరూ నవ్వలేదు.

పట్టు గౌను గరగరలాడింది, ఆవిడ ఇటు తిరిగింది. గొంతు తగ్గించింది. "నువ్వూ కదలకు అడలైన్. కూర్చుని విను."

నా పక్కన ఎవరో ఊపిరి లోపలికి పీల్చారు. చల్లగా, బుసకొట్టినట్టు. హాల్లో ఒకాయన అగ్గిపుల్ల గీశాడు. ఆ రోజుల్లో అందరి సంచుల్లోనూ టార్చి ఉండేది. ఒకటొకటిగా వెలిగించి స్టేజీ మీదికి తిప్పారు. ఆ వెలుగులో హెస్టర్ కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి నిలబడి ఉంది. రెండు నిమిషాలు దాటి ఉంటుంది. ఆవిడ ముఖం ఎవరితోనో కలబడుతున్నట్టుంది. ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

"నా కొడుకుని సముద్రం తీసుకోలేదు" అంది కళ్లు తెరిచి. "చిల్లుపడిన ఓడలో మీరు పంపారు."

అక్కణ్ణించి చివరిదాకా ఒక్క మాట తప్పలేదు. నా పక్కన వాసన ఎప్పుడు పోయిందో గమనించలేదు. తెర పడ్డాక జనం టార్చిలు చంకలో పెట్టుకుని, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ప్రైస్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అదంతా నాటకంలో భాగమే అనుకున్నారు. అదృష్టం."

"అనుకోలేదు, అందుకే లేచి నిలబడ్డారు" అంది హెస్టర్. "సోమవారం ఆట నేనే వేస్తున్నాను డెస్మండ్. రోవెనాని వచ్చి చూడమను, నేర్చుకుంటుంది."

అతను రోవెనాని వెతుక్కుంటూ వెళ్లాడు.

మేకప్ గదిలో కొవ్వొత్తి పెట్టుకుని ఆవిడ వెనక నిలబడ్డాను. హుక్కులు విప్పబోయి ఆగిపోయాను.

"ఏమైంది ఎనిడ్?"

"ఏమీ లేదు."

"నాతో అబద్ధాలొద్దు. ఎన్ని?"

నల్ల పట్టు మీద, భుజాల మధ్య, తెల్లటి పౌడర్‌తో అరచేతి గుర్తులు. రెండూ కుడి చేతులే. ఒకటి పెద్దది, ఒకటి సన్నటిది.

"రెండు" అన్నాను.

"చీకట్లో మూడు చేతులు తగిలాయి. మొన్నటి ఆటలో రెండే. సరిగ్గా చూడు." టీ కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. "చూసి, శుభ్రంగా దులుపు. ఏడున్నర ఆటకి అదే వేసుకుంటాను. ఎంతమంది వస్తారో రానీ."

గౌను విప్పి కొవ్వొత్తి దగ్గరికి తీసుకెళ్లాను. బయట రెండే. దాన్ని లోపలికి తిప్పాను.

మూడోది అక్కడుంది. ఆవిడ ఒంటికి ఆనుకుని ఉండే వైపున, అస్తరు మీద. రెండేళ్ల బిడ్డ చెయ్యంత ఉంది.