తెలుపు దొంగలు

“దీన్ని పర్సనల్‌గా తీసుకోకు, ఏజెంట్ సింధూరీ.”

కొత్తవలస జంక్షన్ బెంచీ మీద పల్లీలు ఒలుస్తూ అన్నాడు చీఫ్ నారాయణమూర్తి.

“తీసేసుకున్నాను సార్. మిషన్ చెప్పండి.”

అరసవల్లిలో ఒక ప్రైవేట్ స్కాన్ సెంటర్. వెనక విదేశీ ముఠా. వాళ్ల క్యాన్సర్ మందు పనిచేయదు, కానీ పనిచేసినట్టు కనిపించాలి. ఎమ్మారై బొమ్మలో తెలుపుకి స్థిరమైన కొలత లేదు. ఒక మెషీన్లో తెల్లగా మెరిసేది ఇంకోదాంట్లో బూడిదగా ఉంటుంది. అందుకే తల నుంచి కాలి దాకా తీసిన స్కాన్లన్నిటినీ ఒకే స్కేలుకి తెచ్చే సాఫ్ట్‌వేర్ వాడతారు.

“ఇంటికో సైజు గ్లాసు ఉంటుంది. అన్నిటినీ ఒకే సోలతో కొలవాలి. అంతేగా?”

“అంతే. వీళ్లు ఆ సోలకే దొంగ అడుగు బిగించారు.”

గడ్డ ఎంత మెరిసినా పక్కనున్న కండ రంగులోకి దిగిపోతుంది. రిపోర్టు నార్మల్. సింధూరి అన్న రాంబాబు ఆ మందే మింగాడు. అతని రిపోర్టు కూడా నార్మలే. దాన్ని దిండు కింద పెట్టుకునే పోయాడు.

“ఈ సాయంత్రం మార్చిన స్కాన్లు ముఠాకి అప్‌లోడ్ చేస్తారు. పూర్తవగానే మార్చని ఒరిజినల్స్ చెరిగిపోతాయి. ఆపే పాస్‌వర్డ్ ఓనరు ధనరాజ్‌కి ఒక్కడికే తెలుసు.”

ముతక చీరలో, శ్రీముఖలింగం నుంచి వచ్చిన తవిటమ్మ అనే పేషెంటు వేషంలో సింధూరి సెంటర్ ముందు ఆటో దిగింది. ఎమ్మారైకి వచ్చే పేషెంటు ఇనుము తేకూడదు కాబట్టి పిస్టల్ ఇంట్లో బియ్యం డబ్బాలో ఉండిపోయింది.

ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్‌తో ఎదురొచ్చింది డాక్టర్ బిందు. ముఠా నమ్మిన మనిషి. చీఫ్ కూడా నమ్మిన మనిషే.

“వంశధారలో నీళ్లున్నాయా?”

“ఉన్నాయమ్మా. కాళ్లు తడుస్తాయి, సీర తడవదు.”

కోడ్ కలిసింది. బిందు ఆమెను కంట్రోల్ రూంలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. లోపల పిస్టల్ పట్టుకుని ధనరాజ్.

“వెల్కమ్, ఏజెంట్. బిందు టోల్డ్ మీ ఎవ్రీథింగ్.”

స్క్రీన్ మీద అప్‌లోడ్ పచ్చగీత చివరికొస్తోంది. అతని పీక నులమాలని సింధూరి చేతులు లాగాయి. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“సెంటర్ ఓపెనింగ్ నాడు నువ్వూ స్కాన్ తీయించుకున్నావంట గదా బావా. ఊరికే వస్తాదని.”

“సో వాట్? నార్మల్.”

“మా అన్నదీ నార్మలే.”

ధనరాజ్ బిందు వైపు తిరిగాడు. బిందు గోళ్లు చూసుకుంది.

“మీదీ అదే సాఫ్ట్‌వేర్‌లో వెళ్లింది సార్. ఒరిజినల్ చూశాను. ఎలా చెప్పాలో తెలీక...”

ఇంగ్లీషు ఊడిపోయింది. “ఏటే? ఏటున్నాదే? ఒసే, సెప్పవేటే!”

“చెరిగిపోకముందు మీరే చూసుకోండి.”

పచ్చగీతకు వెంట్రుకంత ఖాళీ. పిస్టల్ బల్ల మీద పడేసి, పాస్‌వర్డ్ కొట్టి, తానే క్యాన్సిల్ నొక్కాడు. గీత ఆగింది. ముక్కు స్క్రీన్‌కి ఆనించి తన బొమ్మంతా వెతుక్కున్నాడు.

“ఏటీ లేదు! నాకేటీ లేదు!”

అప్పటికే పిస్టల్ బిందు చేతిలో ఉంది. “సారీ అక్కా. నిన్ను ఎర వేయకపోతే ఈయన గదిలోకి రాడు.”

అతని బొమ్మ పక్కనే, అదే స్క్రీన్ మీద, సింధూరి రాంబాబు ఒరిజినల్ తెరిచింది. కాలేయం నిండా తెల్ల మచ్చలు.

“ఇదీ అలాగే ఎతుకు. ముక్కు ఆనించి ఎతుకు.”

పోలీసు జీపు వచ్చేదాకా అతణ్ణి తల తిప్పనివ్వలేదు. తర్వాత బేడీలు వేసింది.

“సంతోషం బావా, ఆరోగ్యం గట్టిగా ఉన్నాది. యావజ్జీవం సానాకాలం వస్తాది.”