దుప్పట్ల గదిలో గుండెదడ

ఆ హోటల్ కింది అంతస్తులో దుప్పట్ల గది ఉంది చూశారూ... అది మంచిది కాదు. రాత్రి డ్యూటీకి అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ నిలవలేదు. గుండె దడ... గొంతు ఎండిపోవడం... చేతుల వణుకు... తెల్లారేసరికి ఉద్యోగానికో దండం! అక్కడే పోయిన పాత ఇస్త్రీ మనిషి, కునుకు తీసినవాళ్ళ ఛాతీ మీద ఎక్కి కూర్చుంటాడట.

ఇది మా పిన్ని చెప్పిందే. నేనేమీ కలపలేదు... కొంచెం తప్ప.

పిన్ని ఆ గదిలోనే ఇస్త్రీకి చేరింది. తట్టుకుని నిలబడితే పగటి డ్యూటీ, పర్మనెంటు. పారిపోతే ఇంటికే.

చేరిన రాత్రే మొదలైంది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఊపిరి బిగబట్టినా — దడ దడ దడ!

డాక్టర్ దగ్గరికి పరుగెత్తింది. థైరాయిడ్ చూశారు, రక్తం చూశారు, ఛాతీకి తీగలు తగిలించి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి.

"కాఫీ ఎక్కువ తాగుతారామ్మా?"

"రాత్రి ఒక్క గ్లాసేనండీ. పైనుంచి ఫ్లాస్కులో పంపుతారు."

"మరి దేనికైనా భయపడుతున్నారా?"

పిన్ని లేదని తలూపి లేచొచ్చేసింది. దెయ్యానికి మందు రాయమని ఎలా అడుగుతుంది?

ఇక మానేద్దామనే అనుకుంది. ఆ మాట చెప్పేద్దామని ఆ రాత్రి మెట్లెక్కింది... మలుపులో కాళ్ళు ఆగిపోయాయి. చీకట్లో ఎవరో వంగి ఉన్నారు. టక్... టక్... చెంచా చప్పుడు.

వాచ్‌మన్! పిన్ని ఫ్లాస్కు మూత తీసి ఏదో కలుపుతున్నాడు.

"విషమా అన్నయ్యా?"

"ఛీ ఛీ! కాఫీ పొడి చెల్లెమ్మా," అన్నాడు గుసగుసగా. "నువ్వు కునుకు తీస్తే వాడు ఎక్కి కూర్చుంటాడుగా... అందుకని. ఆ గదికొచ్చిన ప్రతివాళ్ళకీ వేసేవాణ్ణి. వంటాయనకి చెప్పకు."

వంటాయన్ని నిలదీస్తే, పాపమని ఆయనా గుప్పెడు వేస్తున్నాడు. బట్టలుతికే వదినా అంతే! ఒకరికి తెలియకుండా ఒకరు. ఎవరి జాలి వాళ్ళది... గుండె మాత్రం మా పిన్నిది.

పిన్ని ఇక ఫ్లాస్కు ముట్టుకోలేదు. అలమారా మీద పెట్టేసి ఇస్త్రీలో పడింది. గంట గడిచేసరికి ఒళ్ళంతా తేలిక.

అంతలో — దడ దడ దడ!

గుండె మీద చెయ్యి వేసుకుంది. అది నింపాదిగానే కొట్టుకుంటోంది.

చప్పుడు అలమారా వెనకనుంచి. ఫ్లాస్కు చూస్తే... ఖాళీ.

"తల్లీ..." వణుకుతూ ఒక గొంతు. "రోజూ నువ్వు మిగిల్చిన గుక్కెడే తాగేవాణ్ణి. ఇవాళ మొత్తం తాగేశాను... చచ్చిపోతానేమో!"

పిన్ని ఇస్త్రీపెట్టె కింద పెట్టలేదు.

"ఆ భయం నీకెందుకులే బాబాయ్. రేపట్నుంచి పాలు పంపమంటాను... పడుకో."