గాలాడే పెట్టె

"ఇది పెట్టెనా, పావురాల గూడా?"

జ్ఞానప్రకాశం ఆ మాట అనడం, లిదియా చేతిలోని సుత్తె ఠక్కున కిందపెట్టడం ఒకేసారి జరిగాయి.

హనుమకొండ చౌరస్తాలో కృపానందం ట్రంకుపెట్టెల దుకాణం అది. డిగ్రీ పరీక్షలు అయిపోయాక, 1987 మే ఎండల్లో, ఆయన కూతురు లిదియా కూడా రేకు పనికి కూర్చుంది.

"మీరిచ్చిన డ్రాయింగుల ఒక్క రంధ్రం లేదు. అందుకే నేనే పెట్టిన. లోపల ఏం పెడ్తరు? ఆవకాయనా?"

"కంప్యూటర్! ఏడాది సంది చిప్పు చిప్పు అతికించి నేనే తయారు చేసిన. దుమ్ము పడొద్దని నాలుగు దిక్కులా మూసెయ్యమన్న."

"ఇప్పుడు మీరు వాడే చెక్కపెట్టె గూడ మూసే ఉందంటిరి కదా. ఏమైతాంది?"

అతని గొంతు తగ్గింది. "పది నిమిషాలకు వేడెక్కి ఆగిపోతాంది."

"మరి?"

ఆ ఒక్క 'మరి'తో పాటు లిదియా బుగ్గన చిన్న సొట్ట పడింది. జ్ఞానప్రకాశం కోపం మర్చిపోయి, మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాడు. ఇంజనీరింగ్ చివరి ఏడాది. సోమవారం పరీక్ష చెయ్యడానికి బయటి ప్రొఫెసర్ వస్తున్నాడు. మిషను గంటసేపు ఆగకుండా నడవాలి. లేకపోతే ఏడాది పోయినట్టే.

"సరే, రంధ్రాలుండనీ. ఫ్యాన్ మాత్రం చిప్పుల మీదికి ఊదాలె," అంటూ హైదరాబాద్ కోఠీలో కొన్న చిన్న ఫ్యాను బయటికి తీశాడు.

"ఊదితే లోపలి వేడి లోపల్నే తిరుగుతది. పైనుంచి బయటికి గుంజాలె."

"ఇంజనీరింగ్ నేను చదువుతాన్ననా, మీరా?"

"చదివేది మీరే. వేడెక్కేది గూడ మీదే."

తగవు తీర్చడానికి, దుకాణంలో పనిచేసే సాంబయ్య బీడీ వెలిగించాడు. ఫ్యాను లోపలికి ఊదేలా పెట్టి, కింది రంధ్రాల దగ్గర పొగ వదిలాడు. పొగ లోపలికి పోనేలేదు. ఎదురు తిరిగి జ్ఞానప్రకాశం ముఖాన కొట్టింది. అతను దగ్గుతుంటే లిదియా ఫ్యానును తిరగేసింది. ఈసారి పొగ కిందినుంచి దూరి, పెట్టెలో పాకి, పై వెనక మూలనుంచి బుస్సున బయటికి పోయింది.

"చూసిండ్రా సారూ!" అన్నాడు సాంబయ్య.

"చూసిన," అన్నాడు జ్ఞానప్రకాశం. చూస్తున్నది పొగను కాదు.

పల్చటి రేకైతే ఫ్యాను తిరిగినప్పుడు గలగలమంటుందని లిదియా మందంది వేసింది. కింది రంధ్రాలకు లోపల పల్చటి మల్లుగుడ్డ అంటించింది. "దుమ్ము ఫికర్ గూడ పోయింది," అంది.

సోమవారం గడిచింది. మంగళ, బుధ... వారమంతా అతని జాడ లేదు. పని తీరాక మనిషి రాడులే అనుకుంది లిదియా. అనుకుంటూనే రోడ్డువైపు చూసింది.

శనివారం అతను డోర్నకల్ నుంచి తల్లి రత్నమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఎంత సైజు పెట్టె కావాలె చెల్లె?" అన్నాడు కృపానందం.

"పెట్టె కాదన్నా. మీ బిడ్డను అడగనొచ్చిన."

సాంబయ్య సుత్తె ఆగింది. లిదియా మాత్రం నేరుగా రత్నమ్మనే అడిగింది. "పెండ్లయినంక నేను రేకు పని చేస్తే మీకు కోపమొస్తదా అత్తమ్మా?"

"ఇరవై ఏండ్లు డోర్నకల్ స్టేషన్ల ఇడ్లీలమ్మి వీన్ని చదివించిన. పనిచేసే చేతుల మీద నాకెందుకు కోపం బిడ్డా?"

"మీరేమో వచ్చిండ్రు. ఈయనేమో గోడ దిక్కు చూస్తాండు," అంది లిదియా.

జ్ఞానప్రకాశం చెమట తుడుచుకుని తన ప్రాజెక్టు రిపోర్టు తీసిచ్చాడు. "మిషను గంటన్నర నడిచింది. ప్రొఫెసర్ సారు, పెట్టె ఎవరు చేసిండ్రని అడిగిండు. ఆ పేరు గూడ రాయమన్నడు."

మొదటి పేజీలో అతని పేరు, ఇంటిపేరు. దాని కింద 'లిదియా'. పక్కన ఖాళీ.

"నా ఇంటిపేరేది?"

"రెండు పేర్లు ఒక్కదగ్గర చూసినంక నిద్ర పట్టలే. ఏ ఇంటిపేరు రాయాల్నో మీరే చెప్పాలె."

లిదియా తండ్రివైపు చూసింది. కృపానందం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ తలూపాడు.

ఆమె అతని జేబులోని పెన్ను లాక్కుని, ఆ ఖాళీ దగ్గర ఆనించింది.

"పైన రాసే ఉన్నా, మీ నోటనే వింట. మీ ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్పుండ్రి."

పుట్టినప్పట్నుంచీ తనదైన ఆ పేరును జ్ఞానప్రకాశం రెండుసార్లు తప్పు చెప్పాడు.