ఎనిమిది మిల్లీమీటర్లు

"డ్యామ్ గేటు కూలితే దిగువన ఎనిమిది ఊళ్లు మునుగుతాయి," అన్నాడు చీఫ్. "రేపు ట్రయల్. ఆ సమయంలో గేటు కింద నిలబడే ఇంజనీరు మీ అమ్మాయే. అందుకే మిమ్మల్ని పంపొద్దన్నారు పైవాళ్లు."

"ట్రయల్ ఆపేయండి సార్."

"ఆపితే గేటు కూల్చాలని చూస్తున్న విదేశీ ముఠా జాగ్రత్తపడుతుంది. గేటు బరువు మోసే ఉక్కు పిన్ను డ్రాయింగులో ఏదో మార్చారని సమాచారం. ఏం మార్చారో డ్రాయింగు చదివి తేల్చగలిగేది మీరొక్కరే. నాలుగింటికి ఆ ఫైలుతో మెషిన్ షాపులో పిన్ను కోస్తారు, రాత్రికే బిగిస్తారు. దాన్ని సరిచూసే కొలత గేజులు కూడా ఆ ఫైలుతోనే కోస్తారు, కాబట్టి తప్పు తనిఖీలో దొరకదు."

ఎదురుగా కూర్చున్న ఏజెంటుకు డిపార్ట్‌మెంటులో కోడ్ నేమ్ నత్త. ఏజెంటు కాకముందు ఇరవై రెండేళ్లు డ్రాయింగులు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు.

"డిజైన్ ఆఫీసులో మన మనిషి ఉంది," అన్నాడు చీఫ్. "సాఫ్ట్‌వేర్ ట్రైనర్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది."

నెరిసిన విగ్గు, కెమెరా దాచిన కళ్లజోడు పెట్టుకుని, డ్రాయింగులు సరిచూసే మాస్టారి వేషంలో నత్త డిజైన్ ఆఫీసులో అడుగుపెట్టాడు. నీలం కోటు, ముత్యాల కమ్మలు, గది నిండా సెంటు. ట్రైనర్ నవ్వింది.

"కొత్త వెర్షన్‌కి మారారా మాస్టారూ?"

"మారక చస్తామా?"

కోడ్ కలిసింది. జవాబు మాత్రం అతని కడుపులోంచే వచ్చింది.

ఒకప్పుడు కీబోర్డు చూడకుండానే అతని వేళ్లు గీసేవి. రెండక్షరాలు కొడితే గీత, ఇంకో రెండు కొడితే కొలత. ఇప్పుడు ఏటా కొత్త వెర్షన్. నిద్ర లేచేసరికి వంటింటి డబ్బాలన్నీ ఎవరో తారుమారు చేసినట్టు ఉంటుంది. పాత ఫైలు తెరిస్తే అక్షరాలు చెదిరిపోతాయి. లైసెన్సు అడుగుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆఖరికి అలిగి కూర్చుంటుంది.

మూడున్నరకల్లా గేటు డ్రాయింగు పద్నాలుగు షీట్లూ చూశాడు. ప్రతి అంకె ఆమోదించిన పట్టికతో సరిపోయింది. అయినా మనసు ఒప్పలేదు. అంకెను వదిలేసి గీతనే కొలుద్దామని పాత అక్షరాలు కొట్టాడు.

"అలాంటి కమాండ్ లేదు," అంది స్క్రీన్.

"అది తీసేశారు మాస్టారూ. ఉండండి, చూపిస్తాను." ఆమె వంగి ఏదో మీట నొక్కింది. స్క్రీన్ తెల్లబడింది. 'అప్‌డేట్ అవుతోంది. దయచేసి ఆపవద్దు.' చక్రం తిరుగుతోంది.

"అయ్యో, నా చెయ్యి తగిలింది," అందామె.

మూడూ యాభై. స్వామీ, దీన్ని కదిలించు అని లోపల్లోపలే మొక్కుకున్నాడు. చక్రం తిరుగుతూనే ఉంది.

గది మూల డ్రాయింగులు అచ్చువేసే ప్లాటర్ గురగురమంది. రికార్డు కోసం మధ్యాహ్నమే పంపిన ప్రింట్లు ఇప్పుడు వస్తున్నాయి. పిన్ను షీటు అసలు సైజులో జారింది. అడుగున ఎప్పటి హెచ్చరికే: 'డ్రాయింగును స్కేలుతో కొలవరాదు. రాసిన అంకే ప్రమాణం.' ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆ మాట అతనికి శిలాశాసనం. ఇవాళ సొరుగులోంచి స్టీలు స్కేలు తీశాడు. పిన్ను గీత మీద పెట్టాడు.

పిన్ను మందానికి రాసిన అంకె నూట ఇరవై మిల్లీమీటర్లు. స్కేలు చూపింది నూట పన్నెండు.

గీతల్లో పిన్నును సన్నం చేసి, దానిపై పాత అంకెనే టైపు చేశారు. మనిషి అంకె చదువుతాడు. యంత్రం గీతనే చదువుతుంది.

"కాగితం సాగుతుంది, ముడుచుకుంటుంది," అంది వెనకనుంచి ఆమె. "అందుకే కొలవకూడదంటారు."

"ఎనిమిది మిల్లీమీటర్లా అమ్మా?"

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి బుల్లి పిస్తోలు వచ్చింది. నత్త ప్లాటర్ రోలును ఆమె చేతి మీదికి విసిరాడు. గుండు పైకప్పులో దిగింది. వరండా, మెట్లు, మెషిన్ షాపు షెడ్డు. ఊపిరి అందడం లేదు. గడియారం నాలుగు. కట్టర్ తిరుగుతూ ఉక్కు దిమ్మ మీదికి దిగుతోంది. ఎర్ర బటన్‌ను అరచేత్తో గుద్దాడు.

కట్టర్ ఉక్కుకు వెంట్రుకవాసిలో ఆగింది.

కళ్లజోడు కెమెరాలో చూస్తూ బయట కాచుకున్న చీఫ్ మనుషులు ఆమెను జీపెక్కిస్తుంటే నత్త ఎదురుగా నిలబడ్డాడు.

"ఎనిమిది ఊళ్లమ్మా. ఎలా మనసొప్పింది?"

"అంకెలన్నీ సరిగ్గానే ఉంచానుగా మాస్టారూ," అందామె. ఆ మాట అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది. సరైన అంకెలు చూసి తను ఎన్ని సంతకాలు పెట్టాడో!

కూతురికి ఫోన్ చేశాడు. "రేపు ట్రయల్ లేదటమ్మా."

"నీకెలా తెలుసు నాన్నా?"

"ఊరికే, ఎవరో అంటే విన్నాను. భోంచేశావా?"

స్క్రీన్ స్తంభించకపోతే స్కేలు జోలికి పోయేవాడే కాదు. కదిలించమని మొక్కితే కదిలించకపోవడమే స్వామి చేసిన సాయమా? తేల్చుకోలేక రిపోర్టు టైపు చేద్దామని డిజైన్ ఆఫీసులో మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. అప్‌డేట్ ముగిసింది. స్క్రీన్ మెరిసింది.

'కొత్త వెర్షన్ మీకు నచ్చిందా?'

కింద రెండే బటన్లు. 'చాలా నచ్చింది.' 'రేపు మళ్లీ అడుగు.'